మూడో వాషరు

“ఐదింటికి మీ అక్కగారిని స్టేషన్‌కి తీసుకెళ్తాను. ఈలోగా మీ డిటెక్టివ్ ముచ్చట తీర్చుకోండి” అన్నాడు ఇస్త్రీ.

ఇస్త్రీ అన్నది నేను పెట్టిన పేరు. ఉద్యోగం ఇన్‌స్పెక్టరు. పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను, అతని చొక్కా మీద ఒక్క ముడత గానీ, అతని బుర్రలో ఒక్క అనుమానం గానీ నాకింతవరకు కనపడలేదు.

వాచీ చూసుకున్నాను. శనివారం మధ్యాహ్నం పన్నెండూ పది. నీటి బోర్డు ఆఫీసు రెండో అంతస్తులో, కొనుగోళ్ల విభాగం బయట నిలబడి ఉన్నాం. అద్దం తలుపు వెనక అక్క ఫైళ్లు చూస్తోంది. తలుపు దగ్గర ఒక కానిస్టేబుల్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒంట్లో బాగోలేకపోయినా సెలవు పెట్టని మనిషికి కాపలా ఒకటి.

“గురువారం మీరు జప్తు చేసిన వస్తువుల జాబితా నకలు కావాలి” అన్నాను.

“తమ్ముడికి ఇవ్వాలని రూల్లేదు.”

“డిటెక్టివ్‌కి ఇవ్వండి. అక్క నాకు ఫీజు ఇస్తానంది. ఇస్తుందో లేదో తర్వాత సంగతి.”

అతను నవ్వలేదు కానీ కాగితం మాత్రం ఇచ్చాడు. తనమీద తనకి అంత నమ్మకం.

కేసు చిన్నదే. బుధవారం సాయంత్రం ఏడూ ఇరవైకి మొదటి శుద్ధి కేంద్రంలో క్లోరిన్ సిలిండరు మార్చారు. వాల్వు తిప్పగానే కీలు దగ్గర గ్యాసు చిమ్మింది. పక్కనే ఉన్న షిఫ్టు ఇన్‌ఛార్జి, యాభై ఏడేళ్ల మనిషి, ఊపిరితిత్తులు కాలి ఆసుపత్రిలో పడ్డాడు. ఇప్పటికీ మిషనే ఊపిరి పోస్తోంది. తప్పు ఒక వాషరుది. రూపాయి బిళ్లంత సీసం చక్రం. సీసం మెత్తన కాబట్టి మర బిగించగానే నలిగి సందులన్నీ మూసేయాలి. ఈ వాషర్లలో ఏదో కలిపారు, అవి నలగలేదు. కొన్నది అక్క విభాగం.

నీటి బోర్డులో ఏది కొన్నా ఒక పద్ధతుంది. కాంట్రాక్టుకి ముందు సప్లయర్ ఇచ్చిన నమూనాని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. అది నెగ్గితే గుడ్డలో కుట్టి, లక్క పోసి, ముద్ర వేసి, పైన చీటీ అంటించి బీరువాలో పెడతారు. రేపు వచ్చిన సరుకు మీద గొడవ వస్తే ఆ మూట విప్పి పోల్చి చూస్తారు. నమూనా మంచిదై సరుకు చెడ్డదైతే దొంగ సప్లయర్. నమూనాయే చెడ్డదైతే దొంగ, దానికి సీలు వేసిన ఆఫీసరు. గురువారం పొద్దున ఇస్త్రీ ఆ మూట విప్పాడు. లోపలివీ అవే గట్టి వాషర్లు. లక్క మీద అక్క ముద్ర, చీటీ మీద అక్క సంతకం. ఇంకేం కావాలి అతనికి.

నాకు మాత్రం ఇంకొంచెం కావాలి. నా తొమ్మిదో ఏట అమ్మ పోతే, పెళ్లయి అత్తారింటికి వెళ్తూ నన్నూ వెంటబెట్టుకు వెళ్లిన మనిషి అక్క. ఆమె నిజాయితీ మీద నాకు ప్రేమేమీ లేదు. దానివల్ల చిన్నప్పుడు బోలెడన్ని దెబ్బలు తిన్నాను. కానీ అది ఉందని నాకు తెలుసు.

జప్తు జాబితాలో మూడో వరుస చదివాను. ‘గుడ్డ మూట ఒకటి. లోపల సీసపు వాషర్లు, మూడు.’ ఆ ‘మూడు’ని మళ్లీ చదివి కాగితం జేబులో పెట్టుకుని కిందికి దిగాను.

నమూనాల గది కింది అంతస్తులో, స్టోర్సు పక్కన ఉంది. అక్కడి గుమాస్తాని అందరూ తాళాలాయన అంటారు. నడుముకి గుత్తి కట్టుకుని తిరుగుతాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. నన్ను చూడగానే లేచి కుర్చీ తుడిచాడు. తుడవడానికి దాని మీద దుమ్మేమీ లేదు.

“మేడమ్‌గారి తమ్ముడుగారు కదా. రండి బాబూ. ఎంత అన్యాయం చూడండి.”

“అన్యాయం సంగతి తర్వాత చూద్దాం. ముందు బీరువా చూపించండి.”

అద్దాల తలుపుల బీరువా. రెండు తాళాలు. ఒక తాళంచెవి తాళాలాయన దగ్గర, రెండోది అక్క దగ్గర ఉంటాయి. రెండూ ఉంటేనే తెరుచుకుంటుంది. లోపల వరసగా మూటలు: మీటరు అద్దాలు, రబ్బరు రింగులు, బోల్టులు. ఎదురుగా కిటికీ ఉండటంతో చీటీలన్నీ ఎండకి పసుపెక్కాయి. పోలీసులు తీసిన వాషర్ల మూట ఫోటో నకలు జాబితాకి పిన్ను చేసి ఉంది. తీసి పక్కన పెట్టి చూశాను. ఎనిమిది నెలలుగా ఇదే అరలో ఉన్నట్టు చెబుతున్న వాషర్ల చీటీ తెల్లగా, నిన్న కొన్న కాగితంలా ఉంది.

“సీలు రిజిస్టరు” అన్నాను.

తెచ్చి ఇచ్చాడు. ఎనిమిది నెలల వెనక్కి తిప్పాను. ఉదయం పదకొండూ పది. ‘వచ్చిన నమూనాలు మూడు. పరీక్షలో కోసినది ఒకటి. సీలు చేసినవి రెండు.’ కింద మూడు సంతకాలు: అక్కది, అప్పటి ప్రయోగశాల ఆఫీసరుది, తాళాలాయనది.

“ఆ రోజు మీరున్నారా?”

“ఉన్నాను బాబూ. పెద్ద కత్తెరలాంటి మిషన్లో పెట్టి ఒకటి కోసేశారు. మెత్తన్ని జున్నులా తెగింది. మిగతా రెండూ మేడమ్‌గారే గుడ్డలో పెట్టారు. నేను కుట్టాను.”

“గురువారం పోలీసులు విప్పినప్పుడు మూడున్నాయి. మీరు అక్కడే ఉన్నారు. నోరెందుకు మెదపలేదు?”

“నేను తలుపు దగ్గరే ఉండిపోయాను. ప్రయోగశాల ఆఫీసరుగారు దగ్గరుండి చూశారు కదా.”

“ఆయన వచ్చి నెల కూడా కాలేదు. ఆయనకేం తెలుసు, పాతాయన రిటైరైతే?”

తాళాలాయన గుత్తి సవరించుకున్నాడు.

మూట మారింది, అంతవరకు ఖాయం. ఎవరు మార్చారు? మార్చినవాడికి రెండు పెట్టాలని తెలియదు. అంటే సీలు వేసిన రోజు ఆ గదిలో లేడు. అక్క ఉంది. అక్కే మారిస్తే రెండే పెట్టేది. మరి మూడు అన్న అంకె వాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది? కాంట్రాక్టులోంచి. పద్నాలుగో షరతు: ‘సరఫరాదారు మూడు నమూనాలు సమర్పించవలెను.’ ప్రయోగశాలలో ఒకటి కోసేస్తారని కాంట్రాక్టులో రాయరు. కాగితం మాత్రమే చదివి, మిషను ఎప్పుడూ చూడని మనిషి చేసిన పని ఇది.

కాంట్రాక్టు కాగితం చదివేవాళ్లెవరు? కాంట్రాక్టులు టైపు చేసే ఇద్దరు గుమాస్తాల మొహాలు గుర్తు తెచ్చుకున్నాను. గట్టిగా గుర్తు తెచ్చుకున్నాను. మూడో మొహం గుర్తు రాకూడదని.

“బీరువా తెరిచిన రిజిస్టరు చూపించండి.”

“అందులో ఏముంటుంది బాబూ…”

“ఏమీ లేకపోతే చూపించడానికేం.”

సోమవారం మధ్యాహ్నం మూడూ నలభైకి షిఫ్టు ఇన్‌ఛార్జి ఫిర్యాదు ఆఫీసుకి చేరింది: వాషర్లు గట్టిగా ఉన్నాయి, ప్రాణాల మీదికి వస్తుంది అని. ఆ సాయంత్రమే అక్క ఆర్డరు వేసింది, గురువారం పదింటికి కమిటీ ముందు మూట విప్పాలని. ఈ రెండింటి మధ్య రిజిస్టరులో ఒకటే పద్దు. బుధవారం, ఒకటీ పదిహేను నుంచి ఒకటీ ఇరవై అయిదు. తెరిచినది: విభాగాధిపతి. కారణం: చీటీ సరిచూచుటకు. రాసింది తాళాలాయన. సంతకం గడి ఖాళీ.

“మా అక్క వచ్చిందా?”

“వచ్చారు బాబూ.”

“ఒకటీ పదిహేనుకి?”

“ఆ, భోజనాల వేళ.”

“మీ గుమ్మం పక్కనే నోటీసు బోర్డుంది, చూశారా? బుధవారం పన్నెండున్నర నుంచి రెండింటి దాకా టెండరు సమావేశం. అధ్యక్షురాలు మా అక్క. వచ్చినవాళ్లు నలభై ముగ్గురు కాంట్రాక్టర్లు. ఆ నలభై ముగ్గురూ మా అక్క కుర్చీలోంచి లేవలేదని సాక్ష్యం చెబుతారు. ఎందుకంటే ఆమె లేవనంతసేపూ వాళ్లనీ లేవనివ్వదు. మీ దగ్గరికి వచ్చిందెవరు?”

తాళాలాయన కుర్చీలో కూలబడ్డాడు.

“నా పెన్షన్ పోతుంది బాబూ.”

“ఆసుపత్రిలో ఉన్నాయనకి ఊపిరే పోతోంది.”

“ఆఫీసర్ల పేర్లే రాయాలని రూలు. అందుకని మేడమ్ అని రాశాను. ఆవిడ తాళంచెవి తెచ్చారు కదా, ఆవిడ పంపితేనే కదా వస్తారు అనుకున్నా. రేపు కమిటీ ఉంది, చీటీ మీద నంబరు చూసి రమ్మంది అన్నారు. తాళాలు తీశాక దాహంగా ఉంది, మంచినీళ్లు తెచ్చిపెట్టమన్నారు. వెళ్లొచ్చేసరికి తలుపు వేసి నిలబడి ఉన్నారు.”

“ఎవరు?”

“మీ బావగారు. రోజూ మేడమ్‌గారికి క్యారియర్ తెస్తారు కదా.”

మూడో మొహం. రిటైరైన భాషోపాధ్యాయుడు. ఎప్పుడూ కాస్త వంగి నడిచే మనిషి. అక్క కాంట్రాక్టులన్నీ రాత్రి భోజనాల బల్ల మీద ముందు ఆయన చేతిలో పడతాయి. షరతులు ఆయనకి కంఠతా వచ్చు. ‘మీ అక్క బోర్డుకి రాస్తుంది, నేను తెలుగులోకి మారుస్తాను’ అని నవ్వేవాడు. నాకు సైకిలు నేర్పింది ఆయన, లెక్కలు నేర్పింది ఆయన, మొదటిసారి జీతం తెచ్చుకుంటే నాకన్నా ముందు ఏడ్చింది ఆయన. నేను అక్క కోసం వెతుకుతూ వచ్చి బావని పట్టుకున్నాను. దొంగని పట్టుకున్నప్పుడు ఇంతవరకు ఎప్పుడూ నాకు ఏడుపు రాలేదు.

“బాగుంది” అన్న గొంతు వినిపించింది. గుమ్మంలో ఇస్త్రీ. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

“విన్నారు కదా. మా అక్కకి సంబంధం లేదు” అన్నాను.

“సంబంధం ఇప్పుడే కుదిరింది. ఇంతవరకు ఒక్క అతుకు దొరకలేదు నాకు.” అతను జేబులోంచి ఒక ఫోటో తీసి రిజిస్టరు మీద పెట్టాడు. “వాషర్లు సప్లయి చేసిన కంపెనీ యజమానురాలు. పుట్టింటి పేరు మీద రిజిస్టరు చేసుకుంది. నిన్నటి నుంచి ఈవిడ మీకేమవుతుందా అని చూస్తున్నాను. గుర్తు పట్టండి.”

గుర్తు పట్టడానికేముంది. బావ తమ్ముడి భార్య. అక్కకి సాక్షాత్తు తోడికోడలు.

“నిన్నటి నుంచి దగ్గర పెట్టుకుని నాకెందుకు చెప్పలేదు?”

“తమ్ముడికి చెప్పాలని రూల్లేదు” అన్నాడు ఇస్త్రీ, ఈసారి చిన్నగా నవ్వుతూ. “మరిది కంపెనీ. వదిన కాంట్రాక్టు ఇచ్చింది. భర్త మూట మార్చాడు. ముగ్గురూ ఒక బల్ల మీద భోంచేస్తారు. మీ అక్కకి తెలియదని ఏ కోర్టులో చెబుతారు?”

“మూడు వాషర్లే చెబుతాయి. అక్కకి తెలిసే జరిగితే బావకి రెండు పెట్టమని చెప్పదా?”

నేను మొదటిసారి అతని మొహంలో ఒక ముడత చూశాను. కానీ అది పోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఆవిణ్ణే అడుగుదాం” అన్నాడు.

తాళాలాయన వాంగ్మూలం మళ్లీ మొదటి నుంచి రాయించుకుని, సంతకం తీసుకుని మేం పైకి వెళ్లేసరికి నాలుగూ పది.

అక్క కళ్లజోడు తీసి మమ్మల్ని చూసింది. నేను నిలబడే చెప్పాను. రెండు, మూడు, ఒకటీ పదిహేను, బావ, తోడికోడలు. వాక్యాలు మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాను.

“తోడికోడలు కంపెనీయా” అంది చివరికి. “నా బంధువులెవరూ టెండర్లలో లేరని ప్రతి ఏడాదీ రాసిస్తాను. ఆ కాగితంలో తప్పుల్లేకుండా దిద్దిపెట్టేదీ ఆయనే.”

“చీటీ మీద సంతకం మీదేనా?” అడిగాడు ఇస్త్రీ.

అక్క హ్యాండుబ్యాగు తెరిచి, అందులోంచి రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ ఖాళీ చీటీలు, అన్నిటి కిందా ఆమె సంతకం. “ఆదివారం ఇంట్లో కూర్చుని పది సంతకాలు చేసి పెట్టుకుంటాను. వారంలో తీరికుండదని. వేరేవాళ్లు ఈ పని చేస్తే సస్పెండు చేసేదాన్ని.” లెక్కపెట్టింది. “తొమ్మిదున్నాయి. ఈ వారం నేనొక్కటీ వాడలేదు. ముద్రా, బీరువా తాళంచెవీ కూడా ఇందులోనే ఉంటాయి. బ్యాగు రాత్రంతా హాల్లో కుర్చీ మీదే ఉంటుంది. ఇది నా తప్పు. రాసుకోండి.”

“ఫిర్యాదు సంగతి ఇంట్లో చెప్పావా?” అన్నాను.

“సోమవారం భోజనాల దగ్గర చెప్పాను. గురువారం మూట విప్పుతానన్నాను. ఆయన అన్నం కలుపుతూ, మంచి పని చేస్తున్నావు అన్నాడు.”

నేను పక్కకి చూశాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెను మోసం చేయగలడని ఆమెకి తట్టలేదు, నాకు తట్టలేదు. మనుషుల్ని అనుమానించడమే నా బతుకుతెరువు. ఆయన్ని మాత్రం ఆ లెక్కలోంచి ఎప్పుడో తీసేశాను.

“మా బావ మెతక మనిషి” అన్నాను ఇస్త్రీతో. “తమ్ముడు ఏడిస్తే కరిగిపోయి ఉంటాడు. ఇంతదాకా వస్తుందని ఊహించి ఉండడు.”

అక్క నా మాట వినడం లేదు. గోడకున్న డ్యూటీ పట్టిక చూస్తోంది.

“బుధవారం మొదటి కేంద్రంలో రెండింటి షిఫ్టు మా అమ్మాయిది” అంది.

నా మేనకోడలు బోర్డులోనే షిఫ్టు ఇన్‌ఛార్జి. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది, వేరే ఇంట్లో ఉంటుంది. గాయపడిన పెద్దాయన ఆ రోజు ఎవరి బదులో డ్యూటీ చేశాడని విన్నాను కానీ ఎవరి బదులని అడగలేదు. డిటెక్టివ్‌ని కదా, అడగాల్సింది.

అక్క ఫోను స్పీకరు మీద పెట్టి కూతురికి కలిపింది.

“అమ్మా, ఏమైంది? పోలీసులేమన్నారు?”

“అది సరేగానీ, బుధవారం డ్యూటీకి ఎందుకు వెళ్లలేదు?”

“పన్నెండింటికి నాన్న ఫోన్ చేశారు. గుండెల్లో నొప్పిగా ఉంది, నువ్వు డ్యూటీకి వెళ్లొద్దు, నా దగ్గరికి వచ్చెయ్, అమ్మకి చెప్పకు అన్నారు. నేను వచ్చేసరికి ఇంట్లో లేరు. రెండింటికి క్యారియర్ పట్టుకుని వచ్చారు. తగ్గిపోయిందన్నారు.”

పన్నెండింటికి గుండెనొప్పి. ఒకటీ పదిహేనుకి బీరువా. బావకి ఊహ లేకపోవడం కాదు. ఆ వాషరు మనిషిని చంపుతుందని ఆయనకి ముందే తెలుసు.

“ఇప్పుడెక్కడున్నావు?” అంది అక్క.

“ఇంట్లోనే. నన్ను రెండో కేంద్రానికి వేశారు కదా, ఇవాళా రెండింటి షిఫ్టే. నాన్న పొద్దున మళ్లీ ఫోన్ చేసి, మనసేం బాగోలేదు, ఇవాళ కూడా వెళ్లొద్దు అన్నారు. పాపం నీ గురించి బెంగ పెట్టుకున్నట్టున్నారు.”

అక్క మొహంలో నెత్తురు లేదు. “నీ బదులు ఎవరున్నారు?”

“కొత్తగా చేరిన అమ్మాయి.”

అక్క ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. “సరుకు రెండు విడతలుగా వచ్చింది. ఫిర్యాదు రెండో విడత మీదే. బుధవారం బిగించిందీ అందులోదే, ప్రమాదం జరగ్గానే దాన్నంతా పక్కన పెట్టించాను. కొత్త వాషర్లు సోమవారం గానీ రావు, క్లోరిన్ కలపకుండా ఇళ్లకి నీళ్లు వదలకూడదు. మొదటి విడత మీద ఎవరూ ఏమీ అనలేదని అవే వాడమన్నాను. రెండో కేంద్రంలో ఐదింటికి సిలిండరు మారుస్తారు.”

నాలుగూ ముప్పై ఏడు.

కేంద్రం నంబరు తిప్పింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. ఇస్త్రీ తన ఫోనులో ఎవరికో గట్టిగా చెబుతున్నాడు, జీపు పంపమని. మూడోసారి ఎవరో తీశారు. చాలా చిన్న గొంతు.

“మేడమ్, సిలిండరు ముందే పెట్టేశాం. వాల్వు తిప్పడమే…”

“వాల్వు ముట్టుకోకు. చేతులు తీసెయ్. గదిలో ఎంతమంది ఉన్నారు?”

“నలుగురం మేడమ్.”

“నలుగురూ బయటికి నడవండి. గాలికి ఎదురుగా వెళ్లి నిలబడండి. ఫోన్ పెట్టకు. నడుస్తూ నాతో మాట్లాడు.”

ఆ అమ్మాయి నడుస్తూ మాట్లాడింది. తలుపు చప్పుడు, గులకరాళ్ల మీద అడుగులు, ఎవరో దగ్గడం. బయటికి వచ్చేశాం మేడమ్ అంది. అక్క ఒక్కొక్కరి గొంతు విని, నలుగురినీ లెక్కపెట్టి, అప్పుడు కుర్చీలో కూర్చుంది. నాలుగూ నలభై నాలుగు.

ఇస్త్రీ ఆమె ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు. ఇంటి నంబరు తిప్పింది.

“ఏంటి, ఆలస్యమవుతుందా?” అన్నాడు బావ. అదే గొంతు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చుని మాట్లాడిన గొంతు.

“మొదటి విడత కూడా అవేనా?” అంది అక్క.

అటు పక్క కుర్చీ జరిగిన చప్పుడు.

“నీకు చెబితే ఒప్పుకోవు కదా” అన్నాడు. “వాడు కాళ్ల మీద పడ్డాడు. పరీక్షకి మంచివి బయట కొనిచ్చాం. ఒక్కసారి గట్టెక్కితే చాలనుకున్నా. నీ పేరు రాకుండా చూద్దామనుకున్నా.”

“నా ముద్ర వేశారు.”

“దానికి వేరే దారి లేకపోయింది.”

“ఇందాక రెండో కేంద్రంలో ఒక అమ్మాయి వాల్వు మీద చెయ్యి వేసి ఉంది. ఇరవై మూడేళ్లు. ఆ పిల్ల సంగతి మీకు తెలుసా?”

“అందుకే కదా” అన్నాడు బావ, ఆమెకి ఇంత చిన్న విషయం అర్థం కానందుకు నొచ్చుకుంటున్నట్టు. “మన పిల్లని వెళ్లొద్దని చెప్పాను కదా.”

అక్క ఫోను ఇన్‌స్పెక్టరు చేతికిచ్చింది.